మిల్లు కొందామా, కంపెనీ కొందామా?

హైదరాబాద్–విజయవాడ 65వ నంబర్ జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి వైపు పోతుంటే చిట్యాల వస్తుంది. చుట్టుపక్కల పత్తి పండే ప్రాంతం. సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల ముందు ట్రాక్టర్లు, డీసీఎంలు బారులు తీరతాయి. ఇలాంటి ఊళ్లలో మిల్లు చేతులు మారేటప్పుడు ధర గురించి నెలల తరబడి మాట్లాడతారు. పన్ను సంగతి మాత్రం సంతకాల ముందు రోజు గుర్తొస్తుంది. ఆ ఆలస్యం లక్షల్లో ఖర్చు పెట్టిస్తుంది.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మామ చాలా ఏళ్లుగా పత్తి వ్యాపారం చేస్తున్న మనిషి. అల్లుడు హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్. వాళ్లు బేరమాడే మిల్లు లెక్క కోసం అనుకున్నది. చట్టాలు, తీర్పులు నిజమైనవి. పన్ను రేట్లు, నియమాలు 2025–26 ఆర్థిక సంవత్సరానివి. లెక్క సులువుగా ఉండాలని కొన్నిచోట్ల సర్‌చార్జ్, సెస్ వదిలేశాం.

మామ: మిల్లు సేటు ఎనిమిది కోట్లకు దిగిండు. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు మీదుంది. భూమి, షెడ్లు నాలుగు కోట్లు, మిషన్లు రెండున్నర, సరుకు, రావాల్సిన బాకీలు ఒకటిన్నర. నా మాట ఒక్కటే. కంపెనీని కంపెనీలెక్కనే కొందాం. షేర్లు మన ముగ్గురి పేర్ల మీదికి మారిస్తే పని అయిపాయె.

అల్లుడు: నేను వద్దంటున్న మామా. కంపెనీని వాళ్లకే వదిలేద్దాం. మనం కొత్తగా ఒకటి పెట్టుకుని, దాని పేరు మీద మిల్లును నడుస్తున్న వ్యాపారంగా, మొత్తం ఒకే ధరకు కొందాం. దీన్నే స్లంప్ సేల్ అంటరు.

మామ: అట్లయితే భూమి రిజిస్ట్రేషన్ పడ్తది గదా. తెలంగాణల స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి 2021 జూలై నుంచి ఏడున్నర శాతం. నాలుగు కోట్లకు 30 లక్షలు ఊకెనే పోతయ్. షేర్లు మారిస్తే ఎంత?

అల్లుడు: 2020 జూలై నుంచి దేశమంతా 0.015 శాతం. ఎనిమిది కోట్ల షేర్లకు 12 వేలు.

మామ: 30 లక్షలు ఏడ, 12 వేలు ఏడ! మిల్లుకున్న హెచ్‌టీ కరెంటు కనెక్షను, ఫ్యాక్టరీ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి అన్నీ కంపెనీ పేరు మీదనే ఉంటయ్. యజమానులు మారిండ్రు గని కంపెనీ మారలే. ఒక్క ఆఫీసు చుట్టు తిరిగే పని లేదు. సీజన్ ముంగట కొత్త కనెక్షన్ కోసం తిరుగుడంటే ఏందో నాకు తెలుసు.

అల్లుడు: అది నిజమే, కాదనను. కానీ కంపెనీ మారదన్నవు చూడు, నా భయం కూడా అక్కడే ఉంది. షేర్లు కొనుడంటే ఇల్లరికం పోయినట్టు. ఆ ఇంటి భూములే కాదు, అప్పులు, తగాదాలు కూడా మనయే. పోయిన ఏండ్లల్ల కట్టని పన్నుకు రేపు నోటీసు వస్తే అది కంపెనీకే వస్తది, కంపెనీ మన చేతుల ఉంటది.

మామ: సేటు లెక్కలు సాఫ్ ఉంటయ్. ఆడిటర్ సంతకాలున్నయ్.

అల్లుడు: ఒక్కటి అడుగుత. రైతు దగ్గర పత్తి కొంటే జీఎస్‌టీ ఎవరు కట్టాలె?

మామ: రైతుకు జీఎస్‌టీ ఏంది?

అల్లుడు: రైతుకు లేదు, మిల్లుకుంది. రివర్స్ చార్జ్ అంటరు. 2017 నవంబర్ నుంచి రైతు దగ్గర ముడి పత్తి కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి తనే ఐదు శాతం కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలె. కట్టినంత వెనక్కి వస్తదని చెప్పి చాలామంది దీన్ని తేలిగ్గ తీసుకుంటరు. కట్టకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ పడ్తది, పైన జరిమానా. కాంటా చీటీలు ఒక లెక్క, రిటర్నులు ఇంకో లెక్క చెప్తున్నయంటే ఆ తేడా మొత్తం మన నెత్తిమీదికి వస్తది. ఆడిటర్ సంతకం చూసి ఊకునే సంగతి కాదు.

మామ: నువ్వు భయపెడుతున్నవ్.

అల్లుడు: ఇది మన రాష్ట్రంలనే పెద్ద ఎత్తున జరిగింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పని ఉత్తరం రాసిండు. ఏప్రిల్‌ల టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పెట్టి సత్యంను గెలుచుకుంది. అమ్మింది ప్రభుత్వం వేసిన బోర్డు, చూసింది లోకమంత. అయినా పాత సంగతులు ఆగలే. 37 కంపెనీలు వచ్చి, మేం సత్యంకు 1,230 కోట్లు ఇచ్చినం, తిరిగియ్యున్రి అన్నయ్. లేని ఆదాయాన్ని లెక్కల్ల చూపించిండ్రు గనక దాని మీది పన్ను సంగతి ఏండ్ల తరబడి నడిచింది. తప్పు చేసినోళ్లు వేరే, కోర్టుల చుట్టు తిరిగింది కొనుక్కున్నోళ్లు.

మామ: మరి టెక్ మహీంద్రా మునిగిందా? లేదు గదా. 2013ల సత్యంను తనల కలుపుకుంది. పాత మచ్చ ఉందని తెల్సి, ఆ మచ్చకు తగ్గట్టు ధర పెట్టి కొన్నది. తెల్సి కొన్నోడికి నష్టమేంది? నువ్వు మచ్చ ఉన్నదని బేరమే వద్దంటున్నవ్. నేను మచ్చకు ధర కట్టమంటున్న.

అల్లుడు: ఆ మాటకు నేను ఒప్పుకుంట. కానీ ధర కట్టాలంటే ముందు మచ్చ కనబడాలె గదా.

మామ: ఇంకోటి విను. నీ స్లంప్ సేల్ తోటి పాత బాకీ మొత్తం పోతదా?

అల్లుడు: పోదు. జీఎస్‌టీ చట్టంల 85వ సెక్షన్ ప్రకారం వ్యాపారం అమ్మినోళ్లు, కొన్నోళ్లు ఇద్దరూ పాత బాకీకి బాధ్యులే. ఆదాయ పన్ను నోటీసులు నడుస్తున్నప్పుడు ఆస్తి అమ్మితే, శాఖ అనుమతి లేకపోతే ఆ అమ్మకాన్ని శాఖ ఒప్పుకోకపోవచ్చు. అందుకే ముందే అనుమతి తీసుకోమని అడగాలె. అయితే షేర్ల కొనుగోలుతో పోలిస్తే మోసే బరువు చాలా తక్కువ.

మామ: తక్కువంటున్నవ్, లేదంటలేవు. మంచిది. ఇగ పన్ను లెక్కకొస్తే, కంపెనీల 90 లక్షల పాత నష్టం ఉంది. వచ్చే ఏండ్ల లాభంలకెల్లి అది కొట్టేసుకుంటే మనకే మిగులు. సేటు దానికి వేరేగ ఇరవై లక్షలు అడుగుతున్నడు.

అల్లుడు: ఒక్క పైస ఇయ్యకు. ఇలాంటి ప్రైవేట్ కంపెనీల నష్టం జరిగిన నాడు ఎవరి చేతుల షేర్లున్నయో, లాభంల కొట్టేసే నాడు కూడా కనీసం 51 శాతం ఓట్లు వాళ్ల చేతుల్లనే ఉండాలె. ఆదాయ పన్ను చట్టంల 79వ సెక్షన్. మనం మొత్తం షేర్లు కొన్న నాడే ఆ వ్యాపార నష్టం పోయినట్టే. కొట్టెయ్యని తరుగు, అంటే మిషన్ల డిప్రిసియేషన్ మాత్రం మిగుల్తది. 90 లక్షలల్ల అది ఎంతో, నష్టం ఎంతో విడదీసి చూపించమను.

మామ: ఇది నాకు తెల్వదు. సరే, ఇప్పుడు నీ దారిల లాభమేందో చెప్పు.

అల్లుడు: రెండు లాభాలు. మొదటిది మిషన్ల మీది తరుగు. కంపెనీ పుస్తకాల్ల మిషన్లు తరిగి తరిగి 60 లక్షలకు వచ్చినయనుకో. షేర్లు కొంటే మన తరుగు కూడా ఆ 60 లక్షల మీదనే. స్లంప్ సేల్‌ల అయితే వాల్యుయర్ రిపోర్టు పెట్టుకుని మనం పెట్టిన రెండున్నర కోట్ల మీద. ఒక కోటి 90 లక్షలు ఎక్కువ. ఏడాదికి 15 శాతం చొప్పున మొదటి ఏడు 28 లక్షల 50 వేలు అదనంగా ఖర్చు కిందికి వస్తది. 25.168 శాతం రేటు కట్టే కంపెనీకి మొదటి ఏడే ఏడు లక్షలు మిగులు. మొత్తం మీద ఏండ్లు గడిచేకొద్ది 48 లక్షల దాకా వస్తది. గుడ్‌విల్ మీద మాత్రం తరుగు రాదు, 2021 బడ్జెట్‌ల తీసేసిండ్రు. రెండోది బ్యాంకు వడ్డీ.

మామ: వడ్డీకేమైంది?

అల్లుడు: మూడు కోట్లు అప్పు తెస్తం, పది శాతం అనుకో. ఏడాదికి 30 లక్షలు. మన కొత్త కంపెనీ మిల్లును కొంటే ఆ వడ్డీ మొత్తం వ్యాపార ఖర్చు. ఏడాదికి ఏడున్నర లక్షల పన్ను తగ్గుతది. అదే మనం ముగ్గురం సొంతంగ అప్పు తెచ్చి షేర్లు కొంటే, ఆ వడ్డీ మనకొచ్చే డివిడెండుల ఐదో వంతుకు మించి తీసెయ్యనియ్యరు. డివిడెండు రాని ఏడు ఏమీ రాదు. అసలు షేర్లు కొంటానికి బ్యాంకు అప్పు దొరుకుడే కష్టం.

మామ: జీఎస్‌టీ?

అల్లుడు: నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా అప్పజెప్తే జీఎస్‌టీ లేదు. మిషను మిషనుకు బిల్లు కొట్టి అమ్మితేనే పడ్తది. మిగిలిపోయిన ఇన్‌పుట్ క్రెడిట్ కూడా ఐటీసీ-02 ఫారం వేసి మనకు బదలాయించొచ్చు.

మామ: నీ లెక్క మన దిక్కు నిలబడి చేసినవ్. సేటు దిక్కు పోయి చెయ్యి.

అల్లుడు: చేస్త. షేర్లు అమ్మితే పైసలు నేరుగ వాళ్ల చేతికి వస్తయ్. పెట్టుబడి కోటి అనుకుంటే లాభం ఏడు కోట్లు. దాని మీద పన్నెండున్నర శాతం, 87 లక్షల 50 వేలు. ఒకసారి కట్టి ఇంటికి పోతరు. స్లంప్ సేల్‌ల అమ్మేది కంపెనీ. నికర విలువ రెండు కోట్లు అనుకుంటే లాభం ఆరు కోట్లు, పన్ను 75 లక్షలు. చూస్తానికి తక్కువే. కానీ పైసలు కంపెనీ ఖాతాల ఉంటయ్. ఇంటికి తెచ్చుకోవాలంటే డివిడెండు. 2020 ఏప్రిల్ నుంచి అది వాటాదారు స్లాబు ప్రకారమే, పెద్ద మొత్తమైతే 30 శాతం. అంటే కోటిన్నరకు పైనే ఇంకో పన్ను.

మామ: అరే, మరి సేటు ఎందుకొప్పుకుంటడు? మనకు ఏడాదికి ఏడు లక్షలు మిగులుతయని ఆయన కోటిన్నర పోగొట్టుకుంటడా? ఎనిమిది కోట్ల మాట తొమ్మిదిన్నర అయితది. నీ మిగులు అండ్లనే పాయె.

అల్లుడు: పైసలు ఇంటికి తీసుకపోతనంటే నువ్వన్నదే నిజం. ఆయన ఆ కంపెనీ తోటే ఇంకో వ్యాపారం పెడతనంటే? మిర్యాలగూడల రైస్ మిల్లో, హైదరాబాద్‌ల గోదామో? అప్పుడు డివిడెండు తీయాల్సిన పని లేదు, రెండో పన్ను ఇప్పుడు పడదు. 87 లక్షల జాగల 75 లక్షలే కడ్తడు. ఆయనకూ లాభం, మనకూ లాభం.

మామ: అంటే అమ్మినంక పైసలు ఏం చేస్తడో తెల్వకుండ నువ్వు నేను ఎంత కొట్లాడినా ఉత్తదే.

అల్లుడు: అవును మామా. రెండు దిక్కుల పన్ను కలిపి ఏ దారిల తక్కువ పడుతదో చూసి, ఆ మిగులును ఇద్దరూ పంచుకునేటట్టు ధర మాట్లాడాలె. ఒక్కడే లాభపడే దారి బేరం దాకా రాదు.

మామ: ఇంకో దారి ఉంది, మన ఊళ్లల్ల అందరికి తెల్సిందే. భూమి సర్కారు విలువకు రాపిచ్చి, మిగిలింది చేతుల పెడ్తే...

అల్లుడు: ఆ మాట వద్దు. నాకు అది చట్టం సంగతే కాదు, మనసుకు కూడా ఎక్కదు. చట్టం చూస్తే, భూమికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవద్దు. తీసుకుంటే తీసుకున్నంత జరిమానా. లెక్క చూస్తే, చేతుల ఇచ్చిన కోటి మన పుస్తకాల్ల ఉండదు. దాని మీద అప్పు రాదు. రేపు మనం అమ్మిన నాడు ఆ కోటి కూడా మన లాభం కింద లెక్కేసి పన్ను వేస్తరు. సేటు మాట తప్పితే అడిగేటందుకు కాగితం ఉండదు. షేర్ల ధర తక్కువ రాసినా తప్పించుకోలేం. షేరు విలువ లెక్కలల్ల భూమిని రిజిస్ట్రేషన్ విలువకే పట్టమని రూలుంది. తగ్గించిన తేడా మీద అమ్మినోళ్లకూ, కొన్నోళ్లకూ పన్ను పడ్తది. ఇవన్నీ పక్కన పెట్టు. కాంటాల ఒక కిలో తేడా వస్తే రైతు మనల్ని ఏమంటడు? సర్కారుకు లెక్క చెప్పేటప్పుడు మనం ఆ రైతు ముంగట నిలబడ్డట్టే ఉండాలె.

మామ: సరే. ఆ మాట మళ్ల తియ్య. ఇగ మన దిక్కు చూద్దాం. మిల్లు ఎట్ల కొన్నా సరే, నడిపే సంస్థ పార్ట్‌నర్‌షిప్ కావాలంట నేను. మా నాయన కాలం నుంచి ఫర్మే. లాభం మీద ఫర్మ్ పన్ను కడితే, మిగిలింది మనం పంచుకుంటే మళ్ల పన్ను లేదు. కంపెనీల అయితే కంపెనీ కట్టాలె, డివిడెండు మీద మళ్ల మనం కట్టాలె.

అల్లుడు: ఫర్మ్ రేటు సెస్‌తో కలిపి 31.2 శాతం. కంపెనీ 2019ల తెచ్చిన 22 శాతం పద్ధతి పెట్టుకుంటే సర్‌చార్జ్, సెస్ కలిపి 25.168. ఆరు శాతం తేడా ఉంది.

మామ: కొత్త ఫ్యాక్టరీకి 15 శాతమేనని విన్న.

అల్లుడు: 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలువెట్టినోళ్లకు. ఆ తలుపు మూసుకుంది. ఇప్పుడు లెక్క కడదాం. వడ్డీ, తరుగు పోను 60 లక్షల లాభం. ముగ్గురం మిల్లుల పనిచేస్తం, వేరే ఆదాయం లేదనుకో. ఫర్మ్‌ల పార్ట్‌నర్ల జీతానికి హద్దుంది. మొదటి ఆరు లక్షల లాభంల 90 శాతం, మిగిలిన దాంట్ల 60 శాతం. మొత్తం 37 లక్షల 80 వేలు. మిగిలిన 22 లక్షల 20 వేల మీద ఫర్మ్ పన్ను ఆరు లక్షల 93 వేలు. మనిషికి 12 లక్షల 60 వేల జీతం మీద కొత్త పద్ధతిల ఒక్కొక్కరికి 62 వేల పైచిలుకు. అన్నీ కలిపి ఎనిమిది లక్షల 80 వేలు. లాభం మొత్తం ఇంటికి తెచ్చుకున్నా అంతే.

మామ: కంపెనీల?

అల్లుడు: జీతాలు అంతే పెట్టుకుందాం. కంపెనీ పన్ను ఐదు లక్షల 59 వేలు. జీతం మీద 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే మనిషికి 12 లక్షల లోపే, మనకు పన్ను లేదు. మిగిలిన 16 లక్షల 61 వేలు మిల్లులనే ఉంచితే మొత్తం పన్ను ఆ ఐదు లక్షల 59 వేలే. అదే డివిడెండుగ ఇంటికి తెచ్చుకుంటే ముగ్గురికీ కలిపి ఇంకో నాలుగు లక్షల 61 వేలు. మొత్తం పది లక్షల 20 వేలు.

మామ: చూసినవా! ఇంటికి తెచ్చుకుంటే నా ఫర్మే మంచిది.

అల్లుడు: మిల్లుల ఉంచితే నా కంపెనీ మంచిది. ఏడాదికి మూడు లక్షల 20 వేల తేడా. లాభం పెరిగేకొద్ది ఈ తేడా పెరుగుతది. సేటును అడిగేదీ, మనల్ని మనం అడుక్కునేదీ ఒక్కటే మామా. పైసలు ఇంటికా, మిల్లుకా?

మామ: నాకు ఇంటికే కావాలె. నాకు అరవై దాటినయ్, బిడ్డ పెండ్లి ఉంది. నీకేమో ప్రెస్సింగ్ లైను పెంచాలె, గింజల నుంచి నూనె తియ్యాలె అని ఉంది. పన్ను లెక్క కాదు మనది, మన ఇద్దరి వయసు లెక్క.

అల్లుడు: నువ్వన్నది నిజం. అందుకే ఇది ముందే తేల్చుకోవాలంటున్న. రూపం ఒకసారి పెట్టుకున్నంక మార్చుడు కష్టం. ఫర్మ్‌ను కంపెనీగ మార్చొచ్చు. పార్ట్‌నర్లందరు వాటాదారులై, ఐదేండ్లు సగం ఓట్లు వాళ్ల దగ్గరనే ఉంచుకుంటే ఆ మార్పు మీద లాభం పన్ను పడదు. కంపెనీని ఎల్‌ఎల్‌పీగ మార్చాలంటే మాత్రం ముందు మూడేండ్లు ఏ ఏడూ టర్నోవర్ 60 లక్షలు దాటొద్దు, ఆస్తులు ఐదు కోట్లు దాటొద్దు. లేకపోతే పన్ను మినహాయింపు లేదు. జిన్నింగ్ మిల్లు సీజన్‌ల వారం రోజుల్లనే 60 లక్షలు దాటిస్తది. అటు దిక్కు మనకు దారి లేనట్టే.

మామ: అట్లయితే ముందు ఫర్మ్ పెట్టి, తర్వాత కంపెనీ చేద్దాం.

అల్లుడు: ఫర్మ్‌ల మన ఇండ్లు, పొలాలు కూడా అప్పుకు జవాబుదారీ. మూడు కోట్ల బ్యాంకు అప్పున్నప్పుడు అది నాకిష్టం లేదు. ఫర్మ్ కావాలంటే ఎల్‌ఎల్‌పీ పెడదాం. పన్ను ఫర్మ్‌దే, బాధ్యత వాటా దాకనే. బ్యాంకుకు సొంత పూచీ రాసిస్తే మాత్రం అది వేరే సంగతి.

మామ: పెద్ద కంపెనీలు ఇవన్నీ ఎట్ల తప్పించుకుంటయ్? పైన ఇంకో కంపెనీ, ఇంకో దేశం పెట్టి అమ్ముకుంటరంట గదా.

అల్లుడు: మన హైదరాబాద్‌లనే అయ్యింది, శాంతా బయోటెక్నిక్స్. వరప్రసాద్ రెడ్డి 1993ల పెట్టి, 1997ల దేశంల తయారైన హెపటైటిస్-బి టీకా తెచ్చిన కంపెనీ. ఫ్రాన్స్ వాళ్లు షాన్-హెచ్ అనే ఫ్రెంచ్ కంపెనీ ద్వారా అండ్ల పెద్ద వాటా కొన్నరు. 2009ల సనోఫీ శాంతా షేర్లు కొనలే, ఆ షాన్-హెచ్ షేర్లు కొన్నది. ఆస్తి ఇక్కడుంది, అమ్మకం ఫ్రాన్స్‌ల అయ్యింది. ఆదాయ పన్ను శాఖ ఇక్కడ కట్టమన్నది. అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా శాఖ దిక్కే చెప్పింది. 2013 ఫిబ్రవరిల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసి, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ పన్ను హక్కు ఫ్రాన్స్‌దే అన్నది.

మామ: వొడాఫోన్ కత కూడా గిట్లనే గదా.

అల్లుడు: దాదాపు అంతే. 2012 జనవరిల సుప్రీంకోర్టు వొడాఫోన్ దిక్కు చెప్పింది. అదే ఏడు పార్లమెంటు పాత తేదీల నుంచి వర్తించేటట్టు చట్టం మార్చింది. 2021ల ఆ పాత డిమాండ్లను వదిలేస్తూ మళ్ల చట్టం తెచ్చింది. శాంతా కేసుల నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. షాన్-హెచ్ ఉత్త కాగితం కంపెనీ కాదు, నిజంగ పెట్టుబడి పెట్టి నడిపిన సంస్థ అని హైకోర్టు చూసింది. పన్ను ఎగ్గొట్టనీకే పుట్టించిన రూపాన్ని కోర్టు కాపాడదు. 2017 ఏప్రిల్ నుంచి అట్లాంటి ఏర్పాట్లను పక్కన పెట్టే అధికారం శాఖకు కూడా వచ్చింది. కొన్న నాటి రూపమే అమ్మిన నాటి పన్నును తేలుస్తదని శాంతా చెప్తది. చిట్యాలల ఉండి, చిట్యాలల కొని, చిట్యాలల నడిపే మనకు పరదేశం కంపెనీ తోటి ఏం పని?

మామ: మంచిది. అయితే నా మాట విను. సేటు దగ్గరికి నేను పోత. ముందు పైసలు ఏం చేస్తవని అడుగుత. ఇంకో వ్యాపారం పెడ్తనంటే నీ స్లంప్ సేల్. ఇంటికి అంటే నా షేర్లు.

అల్లుడు: షేర్లయితే మూడు షరతులు. ఈసీ తీయించి, భూమి నిజంగ కంపెనీ పేరు మీదనే ఉందో లేదో చూడాలె. వాళ్ల నాయన పేరు మీదుంటే రిజిస్ట్రేషన్ తప్పదు, నీ 30 లక్షల మిగులు అండ్లనే పోతది. రెండోది, ఆదాయ పన్ను, జీఎస్‌టీ, టీడీఎస్ కాగితాలు, పత్తి కాంటా చీటీలు నేను కూసోని చూసినంకనే అడ్వాన్సు. మూడోది, ధరల కొంత భాగం ఆపి, పాత పన్ను బాకీలు లేవని తేలినంక ఇద్దాం. పాత నోటీసు ఏది వచ్చినా వాళ్లే కడ్తరని ఒప్పందంల రాపిద్దాం.

మామ: ఆపుడంటే సేటుకు కోపమొస్తది.

అల్లుడు: లెక్కలు సాఫ్ ఉంటే ఆయనకు పోయేదేం లేదు. ఒప్పుకోకపోతే మనకు జవాబు దొరికినట్టే. ఇంకో మాట, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయ పన్ను చట్టం. సెక్షన్ల నంబర్లు మారతయ్. ఒప్పందంల తేదీ, చట్టం పేరు సరిగ్గ రాపించాలె.

మామ: మరి మన సంస్థ?

అల్లుడు: మీ ఇంట్ల, మా ఇంట్ల కూసోని మాట్లాడుదాం. రాబోయే ఐదేండ్లు ఎంత ఇంటికి కావాలె, ఎంత మిల్లుల పెట్టాలె అని ముగ్గురం కాగితం మీద రాసుకుందాం. సగానికంటే ఎక్కువ మిల్లుకే అంటే కంపెనీ. ఇంటికే ఎక్కువంటే ఎల్‌ఎల్‌పీ, నేను అడ్డు చెప్ప.

మామ: నేను ఇంటికే ఎక్కువ అని రాస్త, ఇప్పుడే చెప్తున్న.

అల్లుడు: రాయి. నేను మిల్లుకే అని రాస్త. మూడో వాటాదారు అత్త. ఆమె ఏం రాస్తదో చూసినంకనే సేటుకు ఫోన్ చేద్దాం.